కెమెరాకు ఏ మెమరీ కార్డు కొనాలి? స్లాట్ చూసి, పని చూసి, పరీక్షించి

పెళ్లిళ్ల సీజన్ మొదలయ్యే ముందు దేవరకొండ నుంచో, మిర్యాలగూడ నుంచో ఎవరో ఒక కుర్ర ఫొటోగ్రాఫర్ ఫోన్ చేస్తాడు. "అన్నా, షాపుల ఉన్ననే. 128 జీబీ కార్డంట, 200 స్పీడంట. తీసుకోమంటవా?" నేను ఎదురు ప్రశ్న వేస్తాను: "కెమెరా ఏంది తమ్మీ? అండ్ల ఏం తీస్తవ్?" అవతల కాసేపు మాట ఉండదు. కార్డు సంగతి అడిగితే కెమెరా సంగతి అడుగుతాడేంటని వాడి అనుమానం. అసలు ఈ రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే కార్డు దాదాపు దానంతట అదే తేలిపోతుంది. కార్డు మీద పెద్దక్షరాల్లో ఉన్న నంబర్‌ను చూసి కొన్నవాళ్లే ఎక్కువగా డబ్బులు పోగొట్టుకుంటారు. వాళ్లలో నేనూ ఒకణ్ని. ఆ కథ కిందికి వస్తుంది.

మొదటి పని: కెమెరా తలుపు తీసి చూడండి

షాపుకు వెళ్లే ముందు కార్డు పెట్టే మూత తీసి లోపల ఎన్ని స్లాట్లున్నాయో, ఏ సైజువో చూడండి. మాన్యువల్‌లో "రికార్డింగ్ మీడియా" అన్న పేజీ ఒకటి ఉంటుంది. దాన్ని ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. షాపులో వాదనకు అదే ఆధారం.

మన దగ్గర నూటికి తొంభై మంది వాడేది ఎస్‌డీ కార్డు. 1999లో పానాసోనిక్, శాన్‌డిస్క్, తోషిబా కలిసి తెచ్చిన రకం ఇది. తపాలా బిళ్లంత ఉంటుంది, ఒక మూల కోసినట్టు ఉంటుంది. దీనిలోనే వయసును బట్టి తేడాలున్నాయి. ఉత్త ఎస్‌డీ అంటే 2 జీబీ వరకే. 2006లో వచ్చిన ఎస్‌డీహెచ్‌సీ 32 జీబీ వరకు. 2009లో వచ్చిన ఎస్‌డీఎక్స్‌సీ అంతకు పైన, 2 టీబీ దాకా. కొత్త కెమెరాలో పాత కార్డు నడుస్తుంది గానీ పాత కెమెరాలో కొత్త కార్డు నడవకపోవచ్చు. ఈ మధ్య పిల్లలు ఇంట్లో అటక మీదున్న పాత చిన్న డిజిటల్ కెమెరాలు దింపి మళ్లీ వాడుతున్నారు. వాటిలో 64 జీబీ కార్డు పెట్టి "కెమెరా పాడైంది" అని తెస్తారు. పాడవలేదు, ఆ కార్డును చదవడం దానికి రాదు. 2 జీబీ కార్డు ఒకటి వెతికి పెడితే టక్కున లేస్తుంది.

కాంపాక్ట్ ఫ్లాష్, అంటే సీఎఫ్ కార్డు, 1994 నాటిది. అగ్గిపెట్టె కంటే కాస్త చిన్నది. సెకండ్ హ్యాండ్‌లో కెనాన్ 5డీ మార్క్ 3 కొన్నవాళ్లకు ఇది తప్పదు. ఆ కెమెరాలో ఒక సీఎఫ్ స్లాట్, ఒక ఎస్‌డీ స్లాట్ ఉంటాయి. ఎస్‌డీ స్లాట్ యూహెచ్‌ఎస్ (కార్డుకూ కెమెరాకూ మధ్య డేటా పోయే వేగమైన దారి) వేగాన్ని అందుకోదు, ఎంత ఖరీదైన ఎస్‌డీ కార్డు పెట్టినా నత్త నడకే. రెండు స్లాట్లలోనూ ఒకేసారి రాయమని పెడితే వేగమైన సీఎఫ్ కూడా ఎస్‌డీ కోసం ఆగుతుంది. ఇక సీఎఫ్ స్లాట్ లోపల సూదుల్లాంటి 50 పిన్నులుంటాయి. కార్డు వంకరగా పెట్టి బలవంతంగా నొక్కితే ఒక పిన్ను వంగుతుంది, ఆ తర్వాత సర్వీస్ సెంటరే గతి. కార్డు లోపలికి మెత్తగా పోవాలి. పోలేదంటే బయటికి తీసి మళ్లీ పెట్టండి, బొటనవేలి బలం చూపించకండి.

కొత్త ఖరీదైన కెమెరాల్లో సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ ఉంటుంది. పేరులో సీఎఫ్ ఉంది కదా అని పాత సీఎఫ్ స్లాట్‌లో పట్టదు, రెండూ వేర్వేరు రకాలు. ఇందులో టైప్ ఎ, టైప్ బి అని రెండు సైజులు మనకు కనిపిస్తాయి. టైప్ ఎ చిన్నది, సోనీ ఎ7 4 లాంటి వాటిలో ఉంటుంది. టైప్ బి పెద్దది, కెనాన్ ఆర్5, నికాన్ జడ్6 2 లాంటి వాటిలో. పాత ఎక్స్‌క్యూడీ కార్డుదీ టైప్ బి సైజే. సోనీ ఎ7 4లో మొదటి స్లాట్‌కు ఒక సౌకర్యం ఉంది: టైప్ ఎ పెట్టినా, మామూలు ఎస్‌డీ పెట్టినా తీసుకుంటుంది. కాబట్టి కెమెరా కొన్న రోజే ఖరీదైన టైప్ ఎ కార్డు కొనాలని ఏమీ లేదు.

మైక్రో ఎస్‌డీ, మన దగ్గర "చిప్పు" అనేది, డ్రోన్‌కూ యాక్షన్ కెమెరాకూ సరే. దాన్ని అడాప్టర్‌లో దూర్చి పెద్ద కెమెరాలో వాడటం నాకిష్టం లేదు. చిప్పుకు, అడాప్టర్‌కు మధ్య ఒక అదనపు అతుకు ఉంటుంది. అది లూజైతే "కార్డ్ ఎర్రర్" అని వస్తుంది, అదీ సరిగ్గా ముహూర్తం వేళకే.

రెండో పని: కార్డు మొహం చదవడం

ఒక కార్డు చేతిలోకి తీసుకోండి. చిన్న జాగాలో ఇంత రాత ఎందుకు కుక్కారో అనిపిస్తుంది. పెద్దగా కనిపించేది "200 ఎంబీ" లాంటి నంబర్. అది కార్డు నుంచి కంప్యూటర్‌కు చదివే వేగం, అదీ గరిష్ఠంగా. కెమెరాకు కావాల్సింది రాసే వేగం. దాన్ని ప్యాకెట్ వెనకాల చిన్నక్షరాల్లో వేస్తారు, కొన్నిసార్లు అసలు వేయరు. 

ఫొటోగ్రాఫర్ చూడాల్సినవి మూలల్లో ఉన్న చిన్న గుర్తులు. ఇంగ్లిష్ సి అక్షరం లోపల 10 ఉంటే సెకనుకు 10 ఎంబీకి తగ్గకుండా రాస్తుందని. యు అక్షరం లోపల 1 ఉంటే అదీ 10 ఎంబీయే, 3 ఉంటే 30 ఎంబీ. వి పక్కన 30, 60, 90 ఉంటే అన్నే ఎంబీలు. ఇవన్నీ "ఇంతకు తగ్గను" అన్న హామీలు. పెద్ద నంబరేమో "వీలైతే ఇంతదాకా పోతా" అన్న మాట. అప్పు ఇచ్చేవాడు ఏ మాట నమ్ముతాడో మీరూ అదే నమ్మండి.

మరో గుర్తు రోమన్ అంకె ఒకటి లేదా రెండు. ఒకటి ఉంటే యూహెచ్‌ఎస్-1, ఆ దారి గరిష్ఠంగా సెకనుకు 104 ఎంబీ. రెండు ఉంటే యూహెచ్‌ఎస్-2, 312 ఎంబీ దాకా. గుర్తు కనిపించకపోతే కార్డు తిప్పి చూడండి. వెనక బంగారు రంగు పిన్నులు ఒకే వరుసలో ఉంటే ఒకటో రకం, కింద ఇంకో వరుస ఉంటే రెండో రకం. యూహెచ్‌ఎస్-2 కార్డును యూహెచ్‌ఎస్-1 కెమెరాలో పెట్టినా పనిచేస్తుంది, కానీ కింది వరుస పిన్నులకు అక్కడ పని ఉండదు. సోనీ ఎ7 3లో మొదటి స్లాట్ యూహెచ్‌ఎస్-2, రెండోది యూహెచ్‌ఎస్-1. ఖరీదైన కార్డును రెండో దాంట్లో పెట్టి "స్పీడేం లేదన్నా" అన్నవాళ్లను చూశాను.

మీకిక్కడ ఒక సందేహం రావాలి. దారి 104 ఎంబీ అయితే యూహెచ్‌ఎస్-1 కార్డు మీద 170, 200 అని ఎలా వేస్తున్నారు? ఆ కంపెనీలు తమ సొంత పద్ధతి ఒకటి పెట్టుకున్నాయి. దానికి సరిపడే కార్డ్ రీడర్ ఉంటేనే ఆ వేగం వస్తుంది. కెమెరాలో పెట్టినప్పుడు మళ్లీ 104 లోపలే. మా దేవరకొండ తమ్ముడు అడిగిన 200 సంగతి ఇదే. 

ఎ1, ఎ2 అన్న గుర్తులు ఫోన్లో యాప్‌లు నడవడానికి సంబంధించినవి. కెమెరాకు వాటితో పని లేదు.

మూడో పని: మీ పనికి ఎంత వేగం కావాలో లెక్క

ఇక్కడ మాత్రం కాస్త నిదానంగా కూర్చుందాం. 

పానగల్లు దగ్గరున్న ఉదయ సముద్రం చెరువును తలుచుకోండి. కాలువ నుంచి నీళ్లు వచ్చి పడుతుంటాయి, తూము నుంచి బయటికి పోతుంటాయి. కెమెరా లోపలి బఫర్, అంటే కార్డులో పడేలోపు ఫొటోలు కాసేపు ఆగే మెమరీ, ఆ చెరువు. మీరు నొక్కే షట్టర్ వచ్చే కాలువ. కార్డు తూము. చెరువుకైతే అలుగు ఉంది, నిండితే పొర్లిపోతుంది. బఫర్‌కు అలుగు లేదు. నిండిందంటే కాలువనే ఆపేస్తుంది, అంటే షట్టర్ ఆగిపోతుంది.

లెక్క ఇలా. 24 మెగాపిక్సెల్ కెమెరాలో ఒక రా ఫైల్, అంటే ముడి ఫొటో, సుమారు 25 ఎంబీ అనుకుందాం. సెకనుకు 8 ఫొటోలు కొడితే 200 ఎంబీ వచ్చి పడుతుంది. యూహెచ్‌ఎస్-1 కార్డు నిజంగా రాసేది 70, 80 ఎంబీ. మిగతాదంతా బఫర్‌లో పోగవుతుంది. తలంబ్రాల వేళ ఏమవుతుందో తెలుసు కదా. పెళ్లికొడుకు రెండు దోసిళ్లతో పోస్తాడు, పిల్ల నవ్వుతుంది, వెనకాల వదినె మరదళ్లు అరుస్తారు, మీరు వేలు తీయకుండా కొడతారు. మొదట టకటకటక అని వస్తుంది. తర్వాత టక్... టక్. కార్డు మూత పక్కన ఎర్ర లైటు ఆరకుండా వెలుగుతుంది. అసలు ఫొటో, పిల్ల పళ్లెం మొత్తం ఎత్తి వాడి నెత్తిన బోర్లించేది, సరిగ్గా అప్పుడే వస్తుంది.

దీనికి మందు రెండు రకాలు. కెమెరా యూహెచ్‌ఎస్-2 అయితే సెకనుకు 200 ఎంబీకి పైగా రాసే కార్డు కొనండి, తూము వెడల్పవుతుంది. కెమెరా యూహెచ్‌ఎస్-1 అయితే కార్డు మీద డబ్బులు పోసి లాభం లేదు. వేలిని అదుపులో పెట్టుకోవాలి. మూడు కొట్టి ఆగాలి, మళ్లీ మూడు కొట్టాలి. లేదా ఆ పది నిమిషాలకు రా మానేసి, కుదించిన చిన్న ఫైల్ అయిన జేపెగ్ పెట్టుకోవాలి. నల్లమలలో ఫర్హాబాద్ వైపు సఫారీకి పోయి పక్షులూ జంతువులూ తీసేవాళ్లదీ ఇదే లెక్క. పెళ్లిలోనైతే "ఇంకోసారి పొయ్యమ్మా" అని అడగొచ్చు. చిరుతను అడగలేం.

వీడియో లెక్క వేరు, నిజానికి తేలిక. ఇక్కడ చాలామంది తడబడేది బిట్టుకు, బైటుకు మధ్య. కెమెరా మెనూలో 4కే పక్కన 100 అని ఉంటే అది 100 మెగాబిట్లు. కార్డు మీదున్నవి మెగాబైట్లు. 8 బిట్లు ఒక బైటు. 100ని 8తో భాగిస్తే 12.5. అంటే సెకనుకు 12.5 ఎంబీ చాలు, వి30 కార్డు హాయిగా మోస్తుంది. 200 మెగాబిట్లయినా 25 ఎంబీయే, వి30లోనే సరిపోయింది. 400 అయితే 50 ఎంబీ, అప్పుడు వి60 కావాలి. 600 అయితే 75, వి90 కొనాల్సిందే. మన దగ్గర మామూలు పెళ్లి వీడియోలు తీసేవాళ్లు అత్యధికులు మొదటి రెండు లెక్కల్లోనే ఉంటారు. వాళ్లు వి90 కొనడమంటే స్కూటీకి లారీ టైరు వేయించుకోవడమే.

అసలు వేగంతో పనిలేని పనులూ ఉన్నాయి. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పగలంతా పడే స్తంభం నీడను టైమ్‌ల్యాప్స్ (ఆగి ఆగి తీసిన ఫొటోలను కలిపి చేసే వీడియో) తీయాలనుకున్నారనుకోండి. పది సెకన్లకొక ఫొటో చొప్పున ఎనిమిది గంటలకు 2880 ఫొటోలు. జేపెగ్ ఒకటి 8 ఎంబీ అనుకుంటే 23 జీబీ. 32 జీబీ సి10 కార్డు చాలు. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన రెండు నిమిషాల వీడియో వస్తుంది. దానికి కావాల్సింది స్టాండ్, బ్యాటరీ, గుడి వాళ్ల అనుమతి, మీ ఓపిక.

నాలుగో పని: ఎన్ని జీబీలు?

ముందుగా ఒక మాట. 128 జీబీ కార్డు కంప్యూటర్‌లో 119 అని చూపిస్తే షాపువాడు మోసం చేశాడని ఎగరకండి. తయారీదారులు 100 కోట్ల బైట్లను ఒక జీబీ అంటారు, విండోస్ 1024 లెక్కన పోయి సుమారు 107 కోట్ల బైట్లను ఒక జీబీ అంటుంది. 64 అయితే 59 పైచిలుకు చూపిస్తుంది.

పెళ్లికి రా, జేపెగ్ రెండూ కలిపి 2500 ఫొటోలంటే ఒక్కోదానికి 33 ఎంబీ చొప్పున 82 జీబీ. వీడియో 100 మెగాబిట్లలో గంటకు 45 జీబీ. 64 జీబీ కార్డులో గంటా ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. జీలకర్ర బెల్లం నుంచి అప్పగింతల దాకా ఒక్క కార్డుతో లాగడం కుదరదని దీంతోనే తెలుస్తుంది.

ఒక్కటే పెద్ద కార్డా, రెండు మూడు చిన్నవా అన్నది మా వాళ్లలో తెగని పంచాయితీ. ఒకే స్లాట్ ఉన్న కెమెరాకైతే నేను 64 జీబీలవి మూడు అంటాను. పెళ్లికూతురిని చేయడం ఒకదాంట్లో, మండపం ఒకదాంట్లో, బరాత్ ఒకదాంట్లో. ఒకటి పోయినా పెళ్లంతా పోదు. కార్డులు మార్చడంలోనూ ప్రమాదం ఉంది, పూల మధ్య కింద పడితే దొరకదు అనేవాళ్లున్నారు. నిజమే. అందుకే రెండు స్లాట్లున్న కెమెరాకైతే నా మాట మారుతుంది: రెండింటిలోనూ 128 పెట్టి, మెనూలో "బ్యాకప్" (ప్రతి ఫొటో రెండు కార్డుల్లోనూ పడేది) ఎంచుకుని, రోజంతా మూత తీయకండి. కొత్త కెమెరాల్లో ఆ సెట్టింగ్ తరచుగా "ఓవర్‌ఫ్లో" మీద ఉంటుంది, అంటే మొదటిది నిండాక రెండోది. రెండు స్లాట్ల కెమెరా కొని ఆ సెట్టింగ్ మార్చనివాళ్లు చాలామంది ఉన్నారు.

అయిదో పని: కొన్న రోజే పరీక్ష

ఇక నా కథ. కొన్నేళ్ల కిందట హైదరాబాద్ పోయినప్పుడు ఒక షాపులో పేరున్న కంపెనీ కార్డు, 128 జీబీ, సగం ధరకు వచ్చింది. ప్యాకింగ్ అచ్చు గుద్దినట్టుంది. తర్వాతి వారం ఒక పెళ్లిలో పెట్టాను. కొట్టిన ప్రతి ఫొటో వెనక స్క్రీన్ మీద బ్రహ్మాండంగా కనిపించింది. సాయంత్రం స్టూడియోలో తెరిస్తే మొదటి మూడు వందల చిల్లర ఫొటోలు బాగున్నాయి. ఆ తర్వాతవన్నీ బూడిద రంగు డబ్బాలు. పేర్లున్నాయి, సైజులున్నాయి, బొమ్మ లేదు. పుస్తె కట్టింది అందులోనే ఉంది.

లోపలున్నది 8 జీబీ చిప్పు. 128 అని అబద్ధం చెప్పేలా దాని కంట్రోలర్‌ను, అంటే కార్డును నడిపే భాగాన్ని, మార్చారు. చోటు అయిపోయాక వచ్చిన డేటాను తీసుకున్నట్టే నటించి వదిలేసింది. మరి స్క్రీన్ మీద ఎలా కనిపించింది? కొట్టగానే కనిపించేది కెమెరా సొంత మెమరీలోంచి వస్తుంది, కార్డులోంచి కాదు. నిజంగా కార్డులో పడిందో లేదో తెలియాలంటే కెమెరా ఆపి, మళ్లీ ఆన్ చేసి, ప్లే బటన్ నొక్కి, పెద్దది చేసి చూడాలి. ఆ పిల్ల తండ్రి ఒక్క మాట కూడా అనలేదు. అదే ఎక్కువ బాధ. వాళ్ల బంధువుల ఫోన్లలోవి అడుక్కుని ఆల్బమ్ పూర్తి చేశాను.

అప్పటి నుంచి ఏ కార్డు కొన్నా, ఎవరి దగ్గర కొన్నా, ముందు పరీక్షే. విండోస్‌లో హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ అన్న ఉచిత ప్రోగ్రామ్ ఉంది. మ్యాక్, లైనక్స్ వాళ్లకు ఎఫ్3. కార్డు ఖాళీగా ఉన్నప్పుడే నడపాలి. కార్డును అంచు దాకా నింపి, మళ్లీ మొత్తం చదివి పోల్చి చూస్తుంది. సెకనుకు 80 ఎంబీ లెక్కన 128 జీబీ నింపడానికి అరగంట, చదవడానికి ఇంకో అరగంట దాకా. అన్నం తిని వచ్చేలోపు అయిపోతుంది. ఒక్క ఎర్రర్ వచ్చినా కార్డు వెనక్కి ఇచ్చేయండి, అందుకే బిల్లు తీసుకోవాలి. నిజమైన కార్డైతే రాసే వేగం ఎంతో కూడా అక్కడే కనిపిస్తుంది, ప్యాకెట్ మీది గొప్పలతో పోల్చుకోవచ్చు.

ఆరో పని: ఫంక్షన్ రోజున

పరీక్ష అయ్యాక కార్డును కంప్యూటర్‌లో కాకుండా, ఏ కెమెరాలో వాడతారో దాంట్లోనే ఫార్మాట్ చేయండి. ప్రతి కార్యక్రమం ముందూ అంతే, పాత డేటా రెండు చోట్ల కాపీ అయిందని చూసుకున్నాకే. కార్డు నుంచి ఫొటోలు తీయకుండా నెలల తరబడి అందులోనే ఉంచడం మంచిది కాదు. కార్డు మోసుకెళ్లే సంచి, బీరువా కాదు.

ఎస్‌డీ కార్డు పక్కనున్న చిన్న లాక్ కిందికి జారితే "రైట్ ప్రొటెక్ట్" అని కెమెరా మొరాయిస్తుంది. భయపడకండి, గోరుతో పైకి జరపండి. పాతబడ్డ కార్డుల్లో ఆ లాక్ ఊడిపోతుంది కూడా. సోనీ టఫ్ కార్డులకు ఆ లాకే ఉండదు, ఒకే ముద్దగా పోతపోసినట్టుంటాయి. జాతరలకు తిరిగేవాళ్లకు అవి బాగుంటాయి. దురాజ్‌పల్లి పెద్దగట్టులో "ఓ లింగా" అంటూ జనం తోసుకొస్తుంటే, దుమ్ములో, చెమట చేతులతో కార్డు మార్చాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది ఆ తేడా.

పొరపాటున ఫొటోలు డిలీట్ అయినా, ఫార్మాట్ కొట్టినా మొదటి పని ఆ కార్డును బయటికి తీయడం. ఇంకొక్క ఫొటో కూడా దానిలో కొట్టొద్దు. చాలా కెమెరాల్లో మామూలు ఫార్మాట్ కొడితే పోయేది విషయసూచిక లాంటిదే, పేజీలు అక్కడే ఉంటాయి. ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో చాలావరకు వెనక్కి వస్తాయి. కొత్త ఫొటోలు పడితే మాత్రం ఆ పేజీల మీద రాసినట్టే. తీసిన ఫైళ్లను అదే కార్డులోకి కాకుండా కంప్యూటర్‌లోకి దింపండి.

నా సంచిలో ఒక చిన్న కార్డు పర్సు ఉంటుంది. ఖాళీ కార్డులు మొహం పైకి, నిండినవి పిన్నులు పైకి. చీకట్లో, బరాత్ డప్పుల మధ్య, ఎవరో భుజం మీద చెయ్యేసి లాగుతున్నా, వేలితో తడిమితే ఏది ఏదో తెలుస్తుంది. మొదట్లో కుర్రాళ్లు నవ్వారు. ఇప్పుడు దేవరకొండ తమ్ముడి పర్సులోనూ అట్లాగే ఉన్నాయి. చివరికి వాడు 128 కొనలేదు, వాడి ఒక స్లాట్ కెమెరాకు వి30 కార్డులు 64 జీబీలవి మూడు తీసుకున్నాడు.